ఉప్పు తిన్న ప్లాస్టిక్

మే నెల, గుడివాడ, మధ్యాహ్నం రెండు గంటలు. ఫ్యాను, రెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగినంత నిదానంగా తిరుగుతోంది. రెగ్యులేటరు అయిదు మీదే ఉంది. లైట్లు నిండుగా వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు లోటేమీ లేదు. ఎలక్ట్రీషియన్ కుర్రాడు స్టూలెక్కి, ఫ్యాను పైన ఉన్న గిన్నె కిందికి జరిపి చూశాడు. "వైండింగ్ బాగానే ఉంది మాస్టారూ. కండెన్సర్ వీకయిందంతే" అన్నాడు. అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఊడదీసి కొత్తది తగిలించాడు. పది నిమిషాల్లో ఫ్యాను మళ్లీ హోరెత్తింది.

పాత డబ్బా నా చేతిలో పెడుతూ, "దీంట్లో ఏముంటదండీ?" అని అడిగాడు.

"ప్లాస్టిక్ కాగితం చుట్ట."

కాసేపు ఆలోచించాడు. "ప్లాస్టిక్‌లో కరెంటు పోదు గదండీ. మరి ఫ్యాను ఎట్టా తిరుగుతుంది? పోనీ పోదనే అనుకుందాం, పోని కరెంటుకి ఇది పాడెందుకైంది?"

కండెన్సర్‌నే పుస్తకాల్లో కెపాసిటర్ అంటారు; నేను క్లాసులో ఏళ్ల తరబడి ఆ పాఠం చెప్పాను. ఇంత సూటిగా ఈ రెండు ప్రశ్నలూ ఎవరూ అడగలేదు. మొదటిదానికి జవాబు తేలిక. రెండోదానికి జవాబు చెప్పాలంటే పల్చటి ప్లాస్టిక్ పొర లోపలికి దిగాలి. దిగితే అక్కడ దివిసీమ ఉప్పుగాలి, పెడన అద్దకం, బందరులో ఆకాశానికి వదిలే బెలూను కూడా ఎదురొస్తాయి.

డబ్బాలో ఏముంది

డబ్బాలోని ప్లాస్టిక్ పేరు పాలీప్రొపిలీన్. రొయ్యల మేత సంచులు నేసేది కూడా దీనితోనే. సంచిలో పట్టీలుగా, మందంగా ఉంటుంది. ఇక్కడ మాత్రం మందం ఆరేడు మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక అరవై నుంచి ఎనభై మైక్రాన్లుంటుంది, అంటే దాన్ని నిలువునా పది పాయలు చీలిస్తే వచ్చే ఒక పాయంత మందం ఈ పొరది. ఇలాంటి రెండు పొడవాటి పట్టీలను ఒకదాని మీద ఒకటి వేసి, చాప చుట్టినట్టు బిగించి చుడతారు.

పట్టీ మెరుస్తుంది. గాలి లేని గదిలో జింకునో అల్యూమినియాన్నో ఆవిరి చేసి దాని మీద పట్టిస్తారు. మన బందరు పక్కన చిలకలపూడిలో గిల్టు నగల మీద బంగారు పూత వేస్తారు కదా, ఆ పూతే చాలా పల్చన. ఈ జింకు పూత దానికన్నా పల్చన: కొన్ని పదుల నానోమీటర్లు, అంటే అణువులు నిలువునా పేర్చితే వందో రెండు వందలో పట్టేంత. ఇంత పల్చగా వేయడం పిసినారితనం కాదు. ప్రాణం కాపాడేది ఆ పల్చదనమే. ఎలాగో తర్వాత చెబుతాను.

దాటకుండానే పని చేసే కరెంటు

మన ఇళ్లకొచ్చే కరెంటు ఒకే దిక్కున పారదు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒక ఊపులో చుట్టలోని ఒక పూత మీద ఎలక్ట్రాన్లు పోగవుతాయి, వాటి ఒత్తిడికి పొర అవతలి పూత మీది ఎలక్ట్రాన్లు తప్పుకుంటాయి. మరో ఊపులో ఇదంతా తిరగబడుతుంది. డప్పు మీద దరువేస్తే చర్మాన్ని చీల్చుకుని గాలి అవతలికి పోదు, అదురు మాత్రం పోతుంది. ఇదీ అంతే. పొరను ఒక్క ఎలక్ట్రానూ దాటకపోయినా రెండు వైపులా తీగల్లో కరెంటు ఆడుతూనే ఉంటుంది.

ఆ ఆట ఫ్యానుకెందుకు? తిరగలి పిడిని ముందుకూ వెనక్కూ మాత్రమే తోస్తే రాయి తిరగదు. ముందుకు తోసిన మరుక్షణం పక్కకూ తోయాలి. ఫ్యానులో రెండు వైండింగులుంటాయి. నేరుగా వచ్చే కరెంటు ఒకదాన్ని తోస్తుంది. రెండోదానికి వెళ్లే కరెంటు కండెన్సర్ ద్వారా వెళ్లి వేరే క్షణంలో తోస్తుంది. రెండు తోపులూ కలిసి గుండ్రటి తిప్పు అవుతాయి. కండెన్సర్ నీరసిస్తే రెండో తోపు బలహీనపడుతుంది, రెక్కలు నిదానిస్తాయి.

మొదటి ప్రశ్న తీరింది. ఇక రెండోది.

కాలువ, చెరువులు

రాగి తీగలో ప్రతి అణువూ తన ఎలక్ట్రాన్‌ను ఒకదాన్ని ఊరుమ్మడికి వదిలేస్తుంది. అది ఎవరి సొత్తూ కాదు. జూన్‌లో నీళ్లు వదిలాక నిండుగా పారే బందరు కాలువ లాంటిది రాగి తీగ. ఏ కాస్త పల్లమున్నా ప్రవాహం కదులుతుంది.

ప్లాస్టిక్ కథ వేరు. అదంతా కార్బన్ అణువుల పొడవాటి గొలుసులు, ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఉన్నాయి, కొరత లేదు. కానీ ప్రతి జంటా రెండు అణువుల మధ్య బంధంలో ఇరుక్కుని ఉంటుంది. కైకలూరు, గుడివాడ మధ్య చేపల చెరువులు చూడండి. కనుచూపు మేరా నీళ్లే. అయినా ఏ చెరువు నీళ్లు ఆ చెరువులోనే, మధ్యలో గట్టు. రాగితో పోలిస్తే పాలీప్రొపిలీన్ కరెంటును ఎన్ని రెట్లు ఎక్కువ అడ్డుకుంటుందో రాయాలంటే 1 పక్కన 22 నుంచి 24 సున్నాలు పెట్టాలి. మనకు తెలిసిన పదార్థాల గుణాల్లో ఇంత అంతరం ఉన్నది మరొకటి నాకు గుర్తుకు రావడం లేదు.

అయితే ఎంత గట్టయినా ఎక్కడో ఎండ్రకాయ బొరియ ఉండకపోదు. గొలుసు తెగిన చోట, మెలి తిరిగిన చోట, తయారీలో వాడిన రసాయనం రవ్వంత మిగిలిన చోట ఎలక్ట్రాన్ కాసేపు కూర్చోగల చిన్న గుంట ఏర్పడుతుంది. మెరిసే పూతలోంచి ఒక ఎలక్ట్రాన్ ఎలాగో పొరలోకి వచ్చిందంటే అది పారదు. గుంటలో పడుతుంది, ఆగుతుంది, వేడి వల్ల వచ్చే అదురులో ఏదో ఒకటి బలంగా తగిలితే ఎగిరి పక్క గుంటలో పడుతుంది. ఏరియేటర్ జోరుగా తిరిగే చెరువులో నాలుగు చుక్కలు గట్టు మీదుగా పక్క చెరువులోకి చిందినట్టన్నమాట.

ఇందులోంచే ఒక వింత పుడుతుంది. రాగిని వేడి చేస్తే కరెంటు తగ్గుతుంది, ఎందుకంటే అదిరే అణువులు ప్రవాహానికి అడ్డుపడతాయి. ప్లాస్టిక్‌ను వేడి చేస్తే కరెంటు పెరుగుతుంది. దీనికి ఆ అదురే వాహనం. గుడివాడ మే నెలలో, కప్పుకు ఆనుకుని, వేడెక్కిన మోటారు నెత్తిన కూర్చున్న డబ్బాలో ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.

పల్చన కావడంలోనే ఉంది అసలు కష్టం

విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఈ దూరంలో నేల పాతిక మీటర్లయినా దిగదు. అందుకే డెల్టాలో నీరు నడిపించడం ఒక విద్య, మురుగు దించడం మరో విద్య. అదే పల్లం మొత్తం ఒక బారెడు దూరంలో ఉంటే? కాలువ కాదు, జలపాతం.

వోల్టేజి కూడా పల్లమే. ఎంత పల్లమన్నదాని కన్నా ఎంత దూరంలో అన్నది ముఖ్యం. మీ గోడలోని తీగ తొడుగు సుమారు మిల్లీమీటరు మందం. కండెన్సర్ పొర అందులో నూట యాభయ్యో వంతు ఉంటుంది. 230 వోల్టులు ఆరు మైక్రాన్ల పొర మీద పడితే ఒక్కో మైక్రాన్‌కు 38 వోల్టులు. మామూలు గాలి మైక్రాన్‌కు 3 వోల్టుల దగ్గరే ఓడిపోయి మెరుపు పుట్టిస్తుంది. అంటే గాలిని పగలగొట్టే వాలుకు పన్నెండు రెట్లు నిటారైన వాలును ఈ మేత సంచి ప్లాస్టిక్ రోజంతా, ఏళ్ల తరబడి భరిస్తోంది. ఈ లెక్క వేసినప్పుడల్లా ఆ చవక డబ్బా మీద నాకు గౌరవం పెరుగుతుంది.

అంత నిటారు వాలులో గుంటల తీరు మారుతుంది. చెరువును ఒక పక్కకు వంచినట్టు ఊహించండి: పల్లం వైపు గట్టు కురచవుతుంది. ఎగరడానికి కావలసిన అదురు తగ్గుతుంది. వోల్టేజి రెట్టింపు చేస్తే కరెంటు రెట్టింపుతో ఆగదు, ఇంకా ఎక్కువగా ఎగబాకుతుంది. హైస్కూల్లో చదువుకున్న ఓమ్ సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది.

[బాక్సు: అభ్రకం రేకులో మొదలైన లెక్క]
ఈ వంగిన గట్టు సంగతి మొదట బయటపడింది ప్లాస్టిక్‌లో కాదు, అభ్రకంలో. మన గూడూరు గనుల్లో రేకులు రేకులుగా దొరికే అభ్రకం ఒకప్పుడు కండెన్సర్లలో పొరగా వాడిన సరుకు. ఐర్లండ్‌కు చెందిన పూల్ అనే భౌతికశాస్త్రవేత్త 1916లో బలమైన వోల్టేజి కింద అభ్రకంలో కరెంటు అనుకున్నదానికన్నా వేగంగా పెరగడం గమనించి కొలిచాడు. కారణం చెప్పింది సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ ఫ్రెంకెల్, 1938లో: వోల్టేజి గుంట అంచును ఒక పక్క దించుతుంది, దాంతో చిక్కుకున్న ఎలక్ట్రాన్‌కు విడుదల సులువవుతుంది. ఇద్దరి పేర్లూ కలిపి ఇప్పటికీ పూల్-ఫ్రెంకెల్ ప్రభావం అంటారు. ప్లాస్టిక్ పొరల మీద పని చేసే ప్రతి ప్రయోగశాలలోనూ ముందు చూసేది, కొలతలు ఈ తీరుకు సరిపోతున్నాయా లేదా అనే. గుంటల్లోంచి విడుదల కాకుండా, అసలు పూత నుంచి పొరలోకి అడుగు పెట్టడమే కష్టమైతే దాని తీరు కొంచెం వేరు. దానికి జర్మన్ శాస్త్రవేత్త షాట్కీ పేరు పెట్టారు.

గాయం మాన్చుకునే పొర

ఆరు మైక్రాన్ల పొరను మీటర్ల కొద్దీ లాగితే ఎక్కడో ఒక చోట నలక, ఒక చోట పల్చదనం తప్పవు. అక్కడ వాలు మరింత నిటారు. చిందే చుక్కలు ఎక్కువ, వాటి వల్ల వేడి, వేడి వల్ల ఇంకాస్త చిందు. ఒక క్షణాన గట్టు తెగుతుంది. సూదిమొన కన్నా చిన్న బెజ్జంలోంచి నిప్పురవ్వ.

పూత మందంగా ఉంటే ఆ బెజ్జంలో లోహం కరిగి రెండు వైపులా అతుక్కుని షార్టయ్యేది, కథ అక్కడితో ముగిసేది. పూత అణువుల పొరంత పల్చన కాబట్టి ఆ రవ్వ వేడికి బెజ్జం చుట్టూ ఉన్న లోహం ఆవిరైపోతుంది. బెజ్జం మిగులుతుంది, కానీ దాని చుట్టూ లోహం లేని బోడి వలయం. కరెంటుకు దారి లేదు. సెకనులో లక్షో వంతులో జరిగిపోయే ఈ వైద్యం వల్ల ఫ్యాను ఆగదు, మనకు తెలియనే తెలియదు. పల్చదనం ప్రాణం కాపాడుతుందన్నది ఇందుకే.

కానీ ప్రతి గాయానికీ కొంత పూత పోతుంది. పైగా మన ప్రాంతపు తేమ డబ్బా అతుకుల సందుల్లోంచి దూరి జింకును అంచుల నుంచి తినేస్తుంది. డబ్బా మీద 2.5 మైక్రోఫారడ్లని రాసి ఉన్న కెపాసిటీ, అంటే చార్జీ పట్టే శక్తి, రెండవుతుంది, ఇంకా దిగుతుంది. కుర్రాడు "వీకయింది" అన్న మాట అక్షరాలా నిజం. అది చచ్చిపోలేదు, వందల గాయాలు మాన్చుకుని చిక్కిపోయింది.

(ఆ పాత డబ్బాను విప్పి చూడాలనిపిస్తే ఒక్క మాట. తీసేసిన తర్వాత కూడా అది చార్జీని పట్టి ఉంచగలదు. రెండు తీగలనూ ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వొద్దు.)

ఉప్పుగాలి పరిచే పొర

నాగాయలంక నుంచి హంసలదీవి దాకా సముద్రం దగ్గరున్న ఊళ్లలో మేకు, గొళ్లెం, సైకిలు గొలుసు ఏవీ తుప్పు తప్పించుకోవు. గాలిలో ఉప్పు. కరెంటు స్తంభాల మీద పింగాణీ ఇన్సులేటర్లకు తుప్పు పట్టదు గానీ వాటి మీద ఉప్పు పొరగా పేరుకుంటుంది. ఎండలో ఆ పొరతో చిక్కు లేదు. ఎండిన ఉప్పులో సోడియం, క్లోరిన్ అయాన్లు ఇటుకల్లా బిగుసుకుని ఉంటాయి. చిక్కంతా జనవరి తెల్లవారుజామున. మంచు తడికి ఉప్పు కరుగుతుంది, అయాన్లు విడిపోయి ఈదడం మొదలుపెడతాయి. పింగాణీ మీద పరుచుకున్న ఆ పల్చటి తడి పొరే ఇప్పుడు తీగ. చిటచిటమనే చప్పుడు, నీలపు రవ్వలు, ఒక్కోసారి పెద్ద మెరుపు, లైను పోతుంది. మంచి వాన పడితే ఉప్పు కొట్టుకుపోయి మళ్లీ నెమ్మదిస్తుంది.

ఇక్కడ కరెంటును మోస్తున్నది ఎలక్ట్రాన్ కాదు, అయాను అన్నది గమనించాలి. తర్వాతి కథ చాలావరకు దీనిదే.

తీర ప్రాంతాల్లో పింగాణీకి బదులు సిలికోన్ రబ్బరు ఇన్సులేటర్లు వేయడానికి కారణం కూడా ఇదే. చేమాకు మీద నీళ్లు పోస్తే పరుచుకోవు, ముత్యాల్లా జారిపోతాయి. సిలికోన్ మీదా అంతే. తడి ముక్కలు ముక్కలుగా ఉంటే దారి కుదరదు. ఇంతకన్నా అందమైన సంగతి మరొకటుంది. దాని మీద ఉప్పు, దుమ్ము పేరుకున్నా కొన్నాళ్లకు లోపలున్న పొట్టి సిలికోన్ గొలుసులు మెల్లగా పైకి ఊరి ఆ దుమ్మును కూడా కప్పేస్తాయి. అప్పుడు ఆ దుమ్ము మీద కూడా నీళ్లు నిలవవు. ప్లాస్టిక్ గొలుసులు కదులుతాయి అన్నది మనం మరిచిపోయే విషయం. గట్టిగా కనిపించేదానిలో కూడా అవి లోలోపల మెసులుతూనే ఉంటాయి.

ఉప్పును లోపలికే పిలిస్తే

బయట పేరుకుని ఇంత గోల చేసే ఉప్పును ప్లాస్టిక్ లోపలే కరిగిస్తే? నీళ్లు లేకుండా?

ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ రైట్, ఆయన సహచరులు 1973లో అదే చేశారు. వాళ్లు ఎంచుకున్న ప్లాస్టిక్ పాలీఇథిలీన్ ఆక్సైడ్. దీని పొట్టి గొలుసుల రూపాన్ని మీరు మందుల షాపులో చూసే ఉంటారు. మలబద్ధకానికి డాక్టర్లు రాసే పీఈజీ పొడి అదే. ఈ గొలుసులో రెండేసి కార్బన్ల తర్వాత ఒక ఆక్సిజన్ వస్తుంది. ఆక్సిజన్‌కు కొద్దిగా రుణావేశం. ఉప్పు కలిపితే ధనావేశమున్న లోహ అయానును నాలుగైదు ఆక్సిజన్లు చుట్టుముట్టి పట్టుకుంటాయి. ఉప్పు విడిపోతుంది, నీళ్లలో కరిగినట్టే ప్లాస్టిక్‌లో కరుగుతుంది. 1978లో ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ అర్మాండ్, ఈ పొరను బ్యాటరీలో ద్రవానికి బదులు వాడవచ్చని సూచించాడు.

అయాను ఎలా కదులుతుంది? గిలకలదిండి హార్బర్‌లో పడవ నుంచి ఒడ్డుకు చేపల గంపలు దించే వరస చూడండి. మనుషులు నిలబడ్డ చోటి నుంచి కదలరు. నడుము వంచుతారు, చేతులు చాపుతారు, గంప చేతులు మారి ఒడ్డుకు చేరుతుంది. గొలుసుల పని అంతే. ఒక మెలిక ఊగి, తన పట్టులోని లిథియం అయానును పక్క మెలికలోని ఆక్సిజన్లకు అందిస్తుంది. ఎలక్ట్రాన్ల కథలో గొలుసు అడ్డుగోడ, ఇక్కడ గొలుసే కూలీ.

వరసలోని వాళ్లు చలికి బిగుసుకుపోతే గంప ఆగిపోతుంది. పాలీఇథిలీన్ ఆక్సైడ్ గొలుసులు మామూలు వేడిలో చాలావరకు వరసలు కట్టి గడ్డకట్టి ఉంటాయి. సుమారు 65 డిగ్రీల దగ్గర ఆ గడ్డలు కరుగుతాయి, అప్పుడు కరెంటు వంద రెట్లకు పైగా లేస్తుంది. ప్యారిస్‌లో 2011 నుంచి 2018 వరకు అద్దెకు తిరిగిన బొల్లోరె కంపెనీ నీలికార్లలో ఈ పొరల బ్యాటరీలే ఉండేవి. వాటిని ఎప్పుడూ వెచ్చగా ఉంచాల్సి వచ్చేది.

మామూలు వేడిలోనే గొలుసులు మెసిలేలా చేయడమెలా అన్నది ఇప్పటికీ తెగని ప్రశ్న. మన దగ్గర ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల్లో దశాబ్దాలుగా ఈ పొరలు పోసి కొలుస్తున్నారు. రాష్ట్రంలోని చిన్న కాలేజీల్లోనూ ఈ పని సాగుతుంది. కారణం స్పష్టం: కోట్ల రూపాయల యంత్రాలక్కర్లేదు. కావలసింది చేతివాటం, ఓపిక.

[బాక్సు: తాండ్ర పోసినట్టు]
ఇలాంటి పొరలకు పనికొచ్చే పాలీవినైల్ ఆల్కహాల్ అనే తెల్ల పొడి ఉంటుంది. మిల్లుల్లో పడుగు నూలుకు పట్టించే గంజిలోనూ, ఆఫీసు జిగురులోనూ ఇది వాడతారు. దీన్ని వేడి నీళ్లలో కలిపి గంటల తరబడి తిప్పితే పారదర్శకమైన చిక్కటి గంజి అవుతుంది. తూచిన ఉప్పు అందులో కలుపుతారు. బల్లపరుపు గాజు పళ్లెంలో పోసి, మామిడి తాండ్రలాగే నిదానంగా ఆరబెడతారు. తొందరపడితే బుడగలు, పగుళ్లు. ఆరాక ఒక మూల గోటితో లేపి ఒలిస్తే పొర వస్తుంది.
రెండు వైపులా వెండి పూసి కరెంటు కొలుస్తారు. ఒకే దిక్కు కరెంటు పెడితే అయాన్లన్నీ ఒక చివరకు చేరి ఇసుక పూడిన మురుగు కాలువ మొగలో నీళ్లలా నిలబడిపోతాయి. అందుకే సముద్రపు పోటూ పాటూ లాగా ముందుకూ వెనక్కూ ఊగే కరెంటు పెడతారు. ఒకే దిక్కు కరెంటును కావాలనే పెట్టే పరీక్ష కూడా ఒకటుంది: అయాన్లు నిలిచిపోయాక ఇంకా మిగిలిన చిన్న కరెంటే ఎలక్ట్రాన్లది. ఎవరి వాటా ఎంతో అలా తేలుతుంది.
ఉప్పు పెంచుతూ పోతే కరెంటు కొంత దాకా పెరిగి ఆపైన పడిపోతుంది. అయాన్లు ఎక్కువైతే ప్లస్సు మైనస్సు జత కట్టి కదలడం మానేస్తాయి. వానాకాలంలో ఈ పొర గాలిలోని తేమ తాగి అబద్ధపు లెక్క చూపిస్తుంది కాబట్టి కొలిచేదాకా సిలికా గుళికల పక్కన మూసి ఉంచుతారు.

పెడన అద్దకంలో అయాను

గొలుసులూ లోహ అయాన్లూ కలిసి పనిచేయడం మన జిల్లాకు కొత్త కాదు. పెడనలో కలంకారీ గుడ్డకు ముందు కరక్కాయ పట్టిస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు, నలుపుకు ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన నీళ్లు. నూలుగుడ్డ కూడా గొలుసుల పదార్థమే, సెల్యులోజ్. పటికలోని అల్యూమినియం అయాను ఒక చేత్తో గుడ్డనూ కరక్కాయ పులుసునూ, మరో చేత్తో రంగునూ పట్టుకుంటుంది. ఎన్ని ఉతుకులైనా వదలదు.

అక్కడ అయాను కదలకూడదు, బ్యాటరీ పొరలో కదిలి తీరాలి. అల్యూమినియం అయానుకు మూడు ధనావేశాలు, పట్టు ఉడుంపట్టు. లిథియానికి ఒక్కటే, చిన్నది, పట్టు సడలుతుంది. అద్దకపు పనివాళ్లు తరతరాలుగా వెతికింది వదలని పట్టు కోసం. ఇప్పటి బ్యాటరీ వాళ్లు వెతుకుతున్నది వదిలే పట్టు కోసం. నా దృష్టిలో రెండూ ఒకే విద్యకు రెండు కొసలు.

1977

ఆ సంవత్సరం చెబితే దివిసీమలో ఎవరికైనా నవంబరు 19 గుర్తొస్తుంది. ఉప్పెన అన్న మాటలోనే ఉప్పు వినిపిస్తుంది. ఆ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. మిగిలిన పొలాల్లో ఉప్పు నిలిచింది.

అదే ఏడు, ఇక్కడివారెవరికీ తెలియని ఒక చిన్న పత్రం ఒక రసాయనశాస్త్ర పత్రికలో అచ్చయింది. జపాన్‌లో హిదెకీ షిరకావా ప్రయోగశాలలో పదేళ్ల ముందు ఒకసారి వేయవలసిన ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. పొడి రావలసిన చోట వెండిలా మెరిసే పొర వచ్చింది, పాలీఅసిటిలీన్. అమెరికాలో అలన్ మెక్‌డయర్మిడ్, అలన్ హీగర్‌లతో కలిసి ఆ పొరకు అయోడిన్ ఆవిరి పట్టిస్తే, దాని గుండా పారే కరెంటు కోటి రెట్లు పెరిగింది. ముగ్గురికీ 2000లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ కరెంటును మోసేది మళ్లీ ఎలక్ట్రానే. పాలీఅసిటిలీన్ గొలుసులో కార్బన్ల మధ్య ఒక జంట బంధం, ఒక ఒంటి బంధం, మళ్లీ జంట, ఇలా పొడుగునా వస్తాయి. ఎలక్ట్రాన్లు గుంటల్లో కాక పంక్తిలో కూర్చుని ఉన్నట్టు. కానీ బంతి నిండుగా ఉంటే ఎవరూ జరగలేరు. అయోడిన్ చేసేది ఒకరిని లేపడం. ఒక విస్తరి ఖాళీ అయితే పక్కవారు జరుగుతారు, ఆ పక్కవారు జరుగుతారు, ఖాళీ మాత్రం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడుతుంది. ఆ పరుగే కరెంటు.

పాలీఅసిటిలీన్ గాలి తగిలితే పాడవుతుంది కాబట్టి బజారుకు రాలేదు. దాని చుట్టాలొచ్చాయి. ఎలక్ట్రానిక్ సామాను మీద నిలవ విద్యుత్తు పేరుకోకుండా వేసే పూతల్లో, సోలార్ పలకల ప్రయోగాల్లో అవి ఉన్నాయి.

బందరు బెలూను

మచిలీపట్నంలో, అదే మన బందరులో, భారత వాతావరణ శాఖ కేంద్రం నుంచి పెద్ద బెలూన్లు పైకి వదులుతారు. ప్రపంచమంతా ఒకే వేళకు లెక్కలు అందేలా, మన గడియారంలో తెల్లవారి 5:30 లెక్కకు సరిపోయేట్టు వదలడం పద్ధతి. బెలూను కింద వేలాడే చిన్న డబ్బాలో గాలి వేడి, ఒత్తిడి, తేమ కొలిచే సాధనాలుంటాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టినప్పుడు ఆ తేమ లెక్కకు ఎంత విలువో తీరంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఈ రకం పరికరాల్లో ఇప్పుడు తేమను కొలిచేది ఎక్కువగా ఒక ప్లాస్టిక్ పొరే. రెండు లోహపు పూతల మధ్య కొద్ది మైక్రాన్ల పొర, పై పూతకు మాత్రం నీటి ఆవిరి దూరేంత సన్నటి రంధ్రాలు. అంటే మా ఇంటి ఫ్యాను కండెన్సర్‌కు దగ్గర చుట్టం. చార్జీ పట్టడంలో నీరు ప్లాస్టిక్ కన్నా పాతిక రెట్లు గట్టిది, కాబట్టి పొర రవ్వంత తేమ తాగినా కెపాసిటీ మారుతుంది. ఆ మార్పు నుంచి గాలిలో తేమ ఎంతో లెక్క కడతారు. ఫ్యాను డబ్బాకు శత్రువైన తేమ ఇక్కడ పిలిచిన చుట్టం. అంతకు ముందు తరంలో, 1930ల చివర అమెరికాలో ఫ్రాన్సిస్ డన్‌మోర్ చేసిన సాధనం ఇంకా సూటిగా ఉండేది. లిథియం క్లోరైడ్ అనే ఉప్పును ప్లాస్టిక్ పొరలో కలిపి పూయడం, తేమకు ఆ ఉప్పు విడిపోయినకొద్దీ పెరిగే కరెంటును కొలవడం. నాగాయలంక ఇన్సులేటర్ మీద జరిగేదే అక్కడ లెక్కగా, అదుపులో జరుగుతుంది.

బెలూను లేచి పదిహేను కిలోమీటర్ల ఎత్తు చేరేసరికి చలి సున్నాకు డెబ్భై డిగ్రీల దిగువకు పడుతుంది. అక్కడ పొరలోని గొలుసులు బిగుసుకుపోతాయి, హార్బర్ వరసలోని కూలీల చేతులు కొయ్యబారినట్టు. నీటి అణువు లోపలికి రావడానికీ, బయటికి పోవడానికీ దారి దొరకదు. నేల దగ్గర క్షణంలో వచ్చే జవాబు అక్కడ చాలా ఆలస్యమవుతుంది. ఆలోపు బెలూను వందల మీటర్లు పైకి పోయి ఉంటుంది. అందుకని కొన్ని కొత్త పరికరాల్లో ఆ పొర కింద సన్నటి హీటరు పెట్టి, గొలుసులు కాస్త మెసిలేలా దాన్ని వెచ్చబెడతారు.